గ్రామసభలో చేయెత్తే ముందు ఖర్చు కాగితం చూపించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గ్రామసభల్లో జనం అడుగుతున్న పనుల గురించి మీ జిల్లా పేజీల్లో వార్తలు వస్తున్నాయి, సంతోషం. ఏ ఊళ్లో ఏం తీర్మానం చేశారు, ఎవరెవరు వచ్చారు అన్నీ రాస్తున్నారు. కానీ ఆ తీర్మానం అమలైతే పంచాయతీకి ఎంత పడుతుంది, కట్టేటప్పుడు ఒక్కసారి అయ్యే ఖర్చు కాదు, ఆ తర్వాత ఏటేటా ఎంత మోయాలి అన్నది నాకు ఒక్క వార్తలోనూ కనపడలేదు. తప్పు విలేకరులది కాదులెండి, ఆ లెక్క సభలోనే ఎవరూ చెప్పడం లేదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. మన కోనసీమలో కొత్తపేట మండలం వానపల్లి సభకు ముఖ్యమంత్రే వచ్చారు. ఆ సభల్లో ఉపాధి హామీ పనులు ఊళ్లోవాళ్లే ఎంచుకోవడం అనేది చాలా పెద్ద సంగతి, దాన్ని నేను తక్కువ చేయను. కాకపోతే ఎంచుకునే హక్కు ఇచ్చినప్పుడు ఎంచుకోవడానికి కావాల్సిన సమాచారం కూడా చేతికివ్వాలి కదా. అది లేకుండా పోటీపడి అడిగిందల్లా రాసుకుని, అందరిచేతా చేతులెత్తించి, మినిట్స్ పుస్తకంలో సంతకాలు పెట్టించేస్తే ఆ నిర్ణయం మాది ఎలా అవుతుంది?

మా పాలకొల్లు ప్రాంతంలో మంచినీళ్ల బాధ మీకు తెలుసు. గోదావరి పక్కనే ఉన్నా వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువులో నిలవ ఉన్న నీళ్లే దిక్కు, బోరు వేస్తే చాలా చోట్ల ఉప్పునీళ్లే. అందుకని మా ఊళ్లో కొన్నేళ్ల క్రితం సభలో వాటర్ ప్లాంట్ కావాలని తీర్మానించాం. వచ్చింది. షెడ్డుకీ మిషన్‌కీ డబ్బులు ఉన్నాయి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఫిల్టర్లూ మెంబ్రేన్లూ మార్చాలంటే ఎంతవుతుంది, ఆపరేటర్‌కి జీతం ఏ పద్దు కింద ఇస్తారు అన్నది మాకు ఎవరూ చెప్పలేదు, కాగితం మీద ఎక్కడా లేదు. కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలి, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ అందులోంచి జీతాలు ఇవ్వడానికి లేదు అని అప్పటి నిబంధన. ఈ ఒక్క ముక్క ఆ రోజు ఎవరన్నా చదివి వినిపించి ఉంటే ఇంటికి నెలకింత అని వేసుకుందామా వద్దా అని అప్పుడే తేల్చుకునేవాళ్లం. ఇప్పుడా షెడ్డుకి తాళం ఉంది, ఆడవాళ్లు మళ్లీ నీళ్ల టిన్నులు కొంటున్నారు.

ఇలాంటిదానికి వేరే దేశాల్లో ఒక పద్ధతి ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో 1911 నుంచీ మామూలు జనమే ఒక చట్టాన్ని ప్రతిపాదించి, సంతకాలు సేకరించి, ఓటింగుకు పెట్టించుకోవచ్చు. మన దగ్గర అంత హక్కు లేదు, మనకున్నది గ్రామసభ. అక్కడ ప్రతిపాదన పెట్టినవాళ్లు సంతకాల కోసం వీధిలోకి వెళ్లక ముందే లెజిస్లేటివ్ అనలిస్ట్ ఆఫీసు (శాసనసభకు ఖర్చుల లెక్కలు చూసిపెట్టే ఆఫీసు), రాష్ట్ర ఆర్థిక శాఖ కలిసి 50 రోజుల్లో ఖర్చు అంచనా తయారు చేయాలి, దాని సారాంశం సంతకాల కాగితం మీదే అచ్చవుతుంది. ఓటింగు దాకా వస్తే ఇంకా వివరమైన విశ్లేషణ ఓటర్ల ఇళ్లకు పంపే పుస్తకంలో వేస్తారు. ఆ అనలిస్ట్ ఆఫీసు 1941 నుంచి ఉంది, ఏ పార్టీకీ చెందదు. ప్రతిపాదన మంచిదా చెడ్డదా అన్నది వాళ్లు చెప్పరు. రాష్ట్రానికెంత, కౌంటీలకూ (మన జిల్లాల్లాంటివి) నగరాలకూ ఎంత, ఒక్కసారి అయ్యేదెంత, ఏటా అయ్యేదెంత, ఎక్కడన్నా మిగిలేదుంటే అదెంత అని చెబుతారు. తేలని చోట ఇంత నుంచి ఇంత దాకా ఉండొచ్చు అని రాస్తారు.

అమెరికాలోనే ఫ్లోరిడా రాష్ట్రంలో 2000లో ఓటర్లు హైస్పీడ్ రైలు వేసి తీరాలని ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలోనే రాయించారు. ఖర్చు ఎంతో తెలిసొచ్చాక 2004లో మళ్లీ వాళ్లే ఓటేసి దాన్ని తీయించేశారు. ఇప్పుడక్కడ జనం తెచ్చే సవరణలకు అంచనా వేయడానికి నలుగురు కూర్చుంటారు, గవర్నర్ తరఫున ఒకరు, రెండు సభల తరఫున ఒక్కొక్కరు, శాసనసభల పరిశోధనా విభాగం నుంచి ఒకరు. ఆ కూర్పులో రాజకీయం దూరకుండా ఉండదు, అయినా అంచనా ఓటింగు రోజున ఓటరు కళ్ల ముందు ఉంటుంది.

ఇదంతా పెద్ద పెద్ద రాష్ట్రాలకు గానీ మన పంచాయతీకి ఎందుకు అనేవాళ్లు ఉంటారు. సొసైటీలో లెక్కలు రాసి రిటైరైన మనిషిగా నేనంటాను, పంచాయతీకే ఎక్కువ కావాలి, ఎందుకంటే దాని ఆదాయం చాలా కొద్ది, ఒక్క తప్పు లెక్కకే కుదేలైపోతుంది. ఉదాహరణకి పంచాయతీ చెరువులో చేపల పాట ఆపేసి దాన్ని మంచినీటి చెరువు చేయాలని ఒక ఊరు అడిగిందనుకోండి. గట్లు, ఫిల్టర్ బెడ్లు, పైపులు అందరికీ కనపడే ఖర్చే, దానికి ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఎస్టిమేట్ వేస్తాడు. మోటారు కరెంటు, పటిక, బ్లీచింగ్, చూసుకునే మనిషి జీతం ఏటా ఉండేవి. చేపల పాట మీద ఏటా వచ్చే ఆదాయం పోతుంది, దాన్ని ఎవరూ ఖర్చు అనుకోరు, కానీ చాలా పంచాయతీలకు చేతిలో ఆడే డబ్బు అదే, వీధి దీపాల బిల్లు దాంట్లోంచే కడతారు. ఇటువైపు లాభం కూడా రాయాలి. ఊళ్లో 500 ఇళ్లుండి ఇంటికి రోజుకో టిన్ను పది రూపాయలకు కొంటున్నారనుకుంటే రోజుకు 5,000, ఏడాదికి 18 లక్షల పైన. అంత డబ్బు జనం జేబుల్లోంచి ఇప్పటికే పోతోంది, అందులో సగం మిగిలినా ఇంటికి నెలకు 50 రూపాయల నీటి పన్ను బరువు కాదు. ఈ రెండు వైపులూ ఒక కాగితం మీద పక్కపక్కన పెడితే చదువు లేని మనిషి కూడా నిమిషంలో తేల్చుకుంటుంది.

లంక గ్రామాల్లో వంతెన కావాలన్న కోరిక ఇంకో రకం. వరదొస్తే పడవ మీద పిల్లల్ని బడికి పంపాలంటే తల్లులకు ఎంత టెన్షనో చూసినవాళ్లకి తెలుసు, కాబట్టి వంతెన అడగడం ముమ్మాటికీ న్యాయం. అక్కడ కూడా రేవు పాట మీద వచ్చే ఆదాయం ఆగిపోతుందని, అప్రోచ్ రోడ్డు కోసం పోయే కొబ్బరి తోటలకు పరిహారం ఎవరిస్తారని ముందే రాసిపెడితే తర్వాత కోర్టు గొడవలు తగ్గుతాయి. ఖర్చు చెప్పడం అంటే పని వద్దనడం కాదు అని నేను ఎవరితో వాదించినా ఇదే చెబుతాను. ఇల్లు కట్టుకునేవాడు మేస్త్రీని ఎంతవుతుందని అడిగితే ఇల్లు ఇష్టం లేదని ఎవరూ అనుకోరు.

అంచనాలు తప్పవచ్చు, నిజమే. స్విట్జర్లాండ్‌లో 2022లో మహిళల పదవీ విరమణ వయసు 64 నుంచి 65కి పెంచే ప్రతిపాదన కొద్ది తేడాతో నెగ్గింది, 2024 ఆగస్టులో ప్రభుత్వ ఆఫీసే పింఛన్ల భవిష్యత్ ఖర్చు లెక్కలో తప్పు జరిగిందని, ఎక్కువ చూపించామని ఒప్పుకుంది. జనం మండిపడ్డారు, కోర్టుకు కూడా వెళ్లారు. కానీ అంచనా రాతలో ఉంది కాబట్టే తప్పు బయటపడింది. మన దగ్గర రాతే లేదు, తప్పెక్కడుందో పట్టుకునేది ఎలా?

పార్టీల హామీల సంగతీ ఇంతే. సుప్రీంకోర్టు 2013లో చెప్పాక ఎన్నికల సంఘం మార్గదర్శకాలు పెట్టింది, హామీలకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పమంది, 2022 అక్టోబరులో మళ్లీ ఒక ఫారం తెచ్చి వివరంగా రాయమని పార్టీలకు ప్రతిపాదించింది. మన రాష్ట్రంలో 2024లో వృద్ధాప్య పింఛను 3,000 నుంచి 4,000 అయింది. వితంతువులు, దివ్యాంగులతో సహా అన్ని రకాల పింఛన్లూ కలిపి సుమారు 65 లక్షల మందికి తలకు వెయ్యి వేసినా నెలకు 650 కోట్లు, ఏడాదికి 7,800 కోట్లు, దివ్యాంగులకు ఇంకా ఎక్కువ పెంచారు కాబట్టి అసలు మొత్తం దీనికంటే పైనే. ముసలివాళ్లకి ఆ డబ్బు అందాలనే నేనూ కోరుకుంటాను. ఈ కూడిక ఎన్నికల ముందే ప్రతి ఓటరూ చూడాలి అన్నదే నా పట్టుదల.

పెద్దవి ఎప్పటికి మారతాయో, పంచాయతీలో మాత్రం వచ్చే సభ నుంచే మొదలుపెట్టొచ్చు. సభకు వారం ముందు, అడుగుతున్న ఒక్కో పనికీ ఒక్కో పేజీ నోటీసు బోర్డు మీద అంటించాలి, ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాలి. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటూ పంచాయతీ కార్యదర్శీ ఉన్నారు, అంకెలు వాళ్ల దగ్గరే ఉంటాయి. అయితే లెక్క సరిచూసేది మాత్రం ఆ ఊరి సర్పంచికి గానీ కాంట్రాక్టరుకి గానీ సంబంధం లేని మనిషి అయి ఉండాలి, పక్క మండలం నుంచి ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), ఆడిట్ శాఖ నుంచి ఒకరు చాలు. ఒకే అంకె ఇచ్చి మభ్యపెట్టకుండా, తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, అయిదేళ్ల వరకు ఏటా ఎంత అని రాయాలి.

మీ పత్రికకు నా మనవి ఒకటే. ఈ డెల్టాలో ఒక్క పంచాయతీని ఎంచుకుని, అక్కడి తీర్మానాల్లో రెండు మూడింటికి ఇలాంటి లెక్క వేయించి మీ జిల్లా పేజీలో అచ్చేయండి. మా ఊరు తీసుకుంటానంటే ఆ వాటర్ ప్లాంట్ కరెంటు బిల్లుల దగ్గర్నుంచి చేపల పాట రసీదుల దాకా పంచాయతీలో అడిగి సంపాదించి ఇచ్చే పూచీ నాది.

ఇట్లు,
రిటైర్డ్ సొసైటీ ఉద్యోగి, పాలకొల్లు మండలం