ఇల్లు వాళ్లదే, కింద నేల కాదు

సంపాదకులకు,

పోయిన వారం మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. మా వీధి చివరి మొబైల్ హోమ్ పార్కు (ఫ్యాక్టరీలో తయారైన ఇళ్లను అద్దె నేల మీద నిలబెట్టుకున్న కాలనీ) స్థలాన్ని అపార్ట్‌మెంట్లు కట్టుకునే జోన్‌లోకి మార్చమని దాని ఓనరు సిటీకి దరఖాస్తు పెట్టాడట. అందరం హియరింగ్‌కి వెళ్లి మద్దతు చెబితే మన ఇళ్ల రేట్లు పెరుగుతాయట. చాలామంది సరేనన్నారు. మీ ఎన్నారై పేజీ వాళ్లూ చదువుతారు, అందుకే ఈ ఉత్తరం.

మా బాబుని నాలుగేళ్లు చూసుకున్న ఆవిడ ఆ పార్కులోనే ఉంటుంది. మొన్న ఆదివారం వెళ్లాను. పేరుకే మొబైల్, ఆ ఇంటికి చక్రాలు లేవు. ఆవిడ భర్త కింది రేకు పక్కకి జరిపి చూపించాడు. ఇనప దూలాలు, వాటి కింద సిమెంటు దిమ్మలు. మెట్ల పక్కన వాళ్లు నాటిన నిమ్మచెట్టు చూరు దాటి పెరిగింది. ఇల్లు దాచుకున్న డబ్బుతో కొనుక్కున్నారు. నేల మాత్రం ఓనరుది, దానికి నెలనెలా అద్దె. కదిలించాలంటే వేల డాలర్లు కావాలి. అంత పెట్టినా పాత ఇంటిని రానిచ్చే పార్కు దొరకదు.

మా అమ్మమ్మ గుంటూరు జిల్లాలో గుడి మాన్యంలో ఇల్లు వేసుకుంది. టేపు పట్టుకుని ఎవరైనా వీధిలోకొస్తే పొయ్యి మీద కూర వదిలేసి గుమ్మంలోకొచ్చి నిలబడేది. ఆదివారం ఆవిడ ముఖంలో నాకు అదే టెన్షన్ కనిపించింది.

పార్కు మూసేస్తే పరిహారం ఇస్తారు కదా అంటున్నారు గ్రూపులో. నిజమే. 2021 నుంచి అమల్లో ఉన్న కాలిఫోర్నియా చట్టం ప్రకారం, వేరే పార్కులో తగిన ఇల్లు దొరకనివాళ్లకు వాళ్ల ఇల్లు ఉన్నచోట ఎంత ధర పలుకుతుందో అంత ఇవ్వాలి. ఆ డబ్బుతో ఈ కౌంటీలో ఇంకో ఇల్లు ఎక్కడొస్తుంది? ఆవిడ పనిచేసే ఇళ్లన్నీ ఇక్కడే, కూతురి హైస్కూలూ ఇక్కడే.

పక్కనే పాలో ఆల్టోలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. బ్యూనా విస్టా పార్కులో దాదాపు 400 మంది ఉండేవారు. మూసేస్తామని ఓనర్లు 2012లో చెప్పారు, 2015లో సిటీ కౌన్సిల్ కూడా సరేనంది. అక్కడివాళ్లు మాత్రం వదల్లేదు. చివరికి 2017లో కౌంటీ హౌసింగ్ అథారిటీ 4.04 కోట్ల డాలర్లకు ఆ పార్కును కొంది. సిటీ, కౌంటీ చెరో 1.45 కోట్లు వేసుకున్నాయి. అయిదేళ్లు రేపు ఎక్కడుంటామో తెలియకుండా పిల్లలు స్కూలుకెళ్లారు. మా ఊళ్లో అంతదాకా ఎందుకు రానివ్వాలి?

ఇళ్లు చాలడం లేదన్నది నేనూ ఒప్పుకుంటాను. మెయిన్ రోడ్డు వెంట మూతబడిన షాపులు, ఖాళీ పార్కింగ్ లాట్లు ఎన్ని లేవు! అక్కడ ఎన్ని అంతస్తులు కట్టినా నేనే ముందు మద్దతు చెబుతాను. పార్కు ఖాళీ స్థలం కాదు.

హియరింగ్‌లో మాట్లాడేందుకు ఒక్కొక్కరికి రెండు నిమిషాలిస్తారు. దరఖాస్తు తోసిపుచ్చమని అడగబోతున్నాను. మద్దతు చెప్పాలనుకుంటున్నవాళ్లు ఈ శనివారం నాతో పార్కుకి రండి. ఆవిడకి చెప్పే ఉంచాను, సాయంత్రం నాలుగింటికి ఇంట్లోనే ఉంటుంది.

— ఒక పాఠకురాలు,
శాంటాక్లారా కౌంటీ, కాలిఫోర్నియా