జెట్లు మార్చే ముందు గాలి లీకు చూడండి

సంపాదకులకు నమస్కారం. మా పాత పెట్రోల్ పికప్‌లో ఇంజిన్ మార్పించాక, బండి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) నిలవక ఆగిపోతుంటే, మెకానిక్ కార్బ్యురేటర్‌ను (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) రెండుసార్లు విప్పి జెట్లు (పెట్రోల్‌ను కొలతగా వదిలే సన్నని రంధ్రాల ముక్కలు) మార్చారే తప్ప లోపం పోలేదు. లోపలికి వెళ్లే గాలిని తగ్గించే చోక్ సగం లాగితే మాత్రం ఇంజిన్ నిలకడగా తిరగడం గమనించి, ఎక్కడో అదనపు గాలి చొరబడుతోందని వెతకగా, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్ నుంచి, బ్రేక్ తొక్కడం తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం అడుగున వెంట్రుకంత పగులు కనిపించింది. వేళ్లతో అదిమిపట్టగానే చప్పుడు కుదుటపడింది. బరువులో పెట్రోల్ ఒక పాలుకు గాలి సుమారు 14.7 పాళ్లు ఉండాలి, దొంగచాటుగా వచ్చే గాలి ఆ లెక్కను చెడగొడుతుంది. పైగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో పాత కార్బ్యురేటర్లలో కావలసిన దానికన్నా గాలి ఎక్కువై మిశ్రమం మరింత పలచనవుతుంది. ఇంజిన్ మార్చేటప్పుడే గ్యాస్కెట్లు (అతుకుల మధ్య గాలి చొరబడకుండా వేసే పట్టీలు), ఇలాంటి వాక్యూమ్ గొట్టాలు కొత్తవి వేయడం ఐటీఐలలో తప్పక నేర్పాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం