2025 వార్షిక నివేదిక: తపస్సు కాలంలో మన వీధులు

క్రీస్తునాథునియందు ప్రియమైన సంఘ సభ్యులందరికీ వందనాలు.

జమాఖర్చుల కాగితం గుడి నోటీసు బోర్డు మీద అంటించాం, ఆదివారం పూజ అయ్యాక చూసుకోండి. సందేహం ఉంటే కోశాధికారి గారిని అడగండి, బిల్లులన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి, జూలై 16న ఫిరంగిపురం కార్మెల్ మాత పండక్కి ఎప్పటిలాగే వెళ్లొచ్చాం. వాటి గురించి ఎక్కువ రాయడం లేదు. ఈ ఏడాది మన సంఘం నిజంగా ఏదైనా నేర్చుకుందంటే అది ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సు కాలంలోనే, అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

మార్చి 5న విభూది బుధవారం, నుదుట బూడిద పెట్టించుకుని తపస్సు కాలం మొదలుపెట్టే రోజు. ముందురోజు రాత్రి, విశ్వాస పాఠాలు చెప్పే ఉపదేశి గారి వాకిట్లో బూడిద తయారుచేశాం. నిరుడు మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టరుకి ముందు ఆదివారం) నాడు ఇళ్లకి తీసుకెళ్లి సిలువ బొమ్మ వెనక దోపుకున్న ఈతాకులు, కొబ్బరాకులు ఎండి గలగలమంటున్నాయి. వాటిని ఇనుప మూకుడులో వేసి అంటిస్తే పట్టుమని నిమిషం కూడా మండలేదు. చల్లారాక పాత పంచె గుడ్డలో వేసి జల్లిస్తే దోసెడు నల్లటి పొడి వచ్చింది. ఊరందరి నుదుళ్లకీ ఆ దోసెడే సరిపోయింది.

మార్చి 7, మొదటి శుక్రవారం. ఏళ్ల తరబడి అలవాటు ప్రకారం సాయంత్రం నాలుగున్నరకి గుడిలో సిలువ మార్గం, అంటే యేసు శ్రమల్ని పద్నాలుగు స్థలాల్లో తలచుకునే ప్రార్థన, పెట్టాం. మఠకన్యలు, బడి పిల్లలు, కాసిని పెద్దవాళ్లు, అంతే వచ్చారు. ఆ రాత్రి మన వాట్సాప్ గ్రూపులో కమిటీ తరఫున ఒక మెసేజ్ పెట్టాం, మన విచారణలో (మన గుడి పరిధిలో) భక్తి తగ్గిపోతోందని, తపస్సు కాలంలో కూడా గుడికి రాకపోతే ఇంకెప్పుడొస్తారని. ఆ మెసేజ్ రాసింది నేనే. ఆదివారం పూజ తర్వాత ఒకావిడ నా దగ్గరికొచ్చి, "అన్నా, నాలుగున్నరకి మేమెక్కడుంటామో నీకు తెలీదా?" అని అడిగింది. మార్చి అంటే మన పల్నాడులో మిరపకోతలు. మన ఆడవాళ్లలో సగం మందికి పైగా పొద్దున ఆరింటికల్లా ఆటో ఎక్కి పోతే తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది, వచ్చాక చేతుల మంటకి మజ్జిగ పోసుకుని, కొబ్బరినూనె రాసుకుని, ఆ చేతులతోనే పొయ్యి వెలిగించాలి. ఇది మనకి తెలియని సంగతి కాదు. తెలిసి కూడా వాళ్లకి భక్తి లేదని రాశాను. ఆ మాటకి కమిటీ తరఫున, నా తరఫున క్షమాపణ అడుగుతున్నాను.

ఆ వారమే కమిటీ కూర్చుని, విచారణ గురువులతో మాట్లాడి సిలువ మార్గాన్ని రాత్రి ఏడున్నరకి మార్చాం, గుడిలోంచి వీధుల్లోకి తెచ్చాం. మార్చి 14 నుంచి ఏప్రిల్ 11 వరకు ఐదు శుక్రవారాలు, ఐదు వీధులు. వీధికి పద్నాలుగు ఇళ్లు, ఇంటి ముందు ఒక స్టూలు, దాని మీద తెల్లగుడ్డ, సిలువ, కొవ్వొత్తి. మూడో వారం వెళ్లిన వీధిలో ఆరో స్థలం వచ్చిన ఇంట్లో పక్షవాతంతో రెండేళ్లుగా మంచం పట్టిన పెద్దాయన ఉన్నారు. కొడుకులు నులకమంచంతో సహా గుమ్మం ముందుకి తెచ్చారు. వెరోనికమ్మ యేసు ముఖం తుడిచిన స్థలం అది. ప్రార్థన చదువుతుండగా ఆయన నోటి పక్కన కారుతుంటే కోడలు తన కొంగుతో తుడిచింది. చదువుతున్న అమ్మాయి ఆగిపోయింది. కాసేపు వీధంతా ఎవరూ మాట్లాడలేదు.

ఉపవాసం గురించి చాలామంది టెన్షన్ పడ్డారు, కూలికెళ్లేవాళ్లం ఒంటిపూట తిండితో ఎండలో ఎలా వంగగలం అని. ఫాదర్ గారు వీధిలోనే విడమరచి చెప్పారు. తిరుసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం ఉపవాసం 18 నుంచి 59 ఏళ్లవాళ్లకి, అదీ విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) రెండు రోజులే, ఒళ్లొంచి బరువు పని చేసేవాళ్లకి, జబ్బుతో ఉన్నవాళ్లకి ఆ రోజుల్లో కూడా మినహాయింపు ఉంది. ఆ మాట విన్నాక కూడా శుక్రవారం మాంసం ముట్టని ఇళ్లు, పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కన వేసిన ఇళ్లు ఎన్నో. ఆ బియ్యం పవిత్ర వారంలో ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ల ఇళ్లకి చేర్చాం. ఇచ్చేటప్పుడు ఫొటోలు తీయలేదు, ఇకముందు కూడా తీయకూడదని తీర్మానం రాసుకున్నాం.

పవిత్ర గురువారం, యేసు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా పాదాలు కడిగే పన్నెండు మందిలో ఫాదర్ గారు ఈసారి ఆరుగురు మిరపకోత ఆడవాళ్లని కూర్చోబెట్టారు. స్త్రీలకీ పాదాలు కడగవచ్చని ఫ్రాన్సిస్ పాపు గారు (పోప్) 2016లో అనుమతిచ్చినా మన గుడిలో ఇదే మొదలు. ఒకావిడ మడమల పగుళ్లు కనిపించకుండా చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుంటూనే ఉంది. ఫాదర్ గారు పళ్లెం పక్కన పెట్టి, ఆవిడ వద్దనకుండా ఉండేదాకా మోకాళ్ల మీదే ఆగారు.

ఏప్రిల్ 20న పాస్కా (ఈస్టర్) పండుగ. మర్నాడు మధ్యాహ్నం పండగ డేగిశాలు తోముతుండగా ఫ్రాన్సిస్ పాపు గారు కన్నుమూశారని ఫోన్లో వార్త వచ్చింది. చేతులు కడుక్కుని గుడికి పోయి గంట కొట్టి జపమాల చెప్పుకున్నాం. మే 7, 8 తేదీల్లో ఓట్లేసి పదునాలుగవ లియో పాపు గారిని ఎన్నుకున్న కార్డినళ్లలో మన తెలుగువారు, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కూడా ఉన్నారు కాబట్టి ఆ రెండు రోజులూ మన ఇళ్లలో టీవీ కట్టేయలేదు.

నవంబరు 30న మొదలైన ఆగమన కాలానికి (క్రిస్మసుకి ముందు వారాలకి) ఆ అనుభవం పనికొచ్చింది. అప్పుడు పత్తి తీతలు. అందుకని గురువుల దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనాలు రాత్రి ఎనిమిదికి పెట్టించాం, నిలబడలేనివాళ్లకి కుర్చీలు వేశాం. పొరుగు విచారణల నుంచి వచ్చిన గురువులు పదకొండు దాటేదాకా కూర్చున్నారు. వాళ్లకి భోజనం ఆలస్యమైనందుకు మన్నించాలి.

2026లో విభూది బుధవారం ఫిబ్రవరి 18న. ఆటోలు బయల్దేరకముందే అయిపోయేలా ఆరోజు పూజ తెల్లవారుజామున నాలుగున్నరకి పెట్టమని గురువుల్ని అడిగాం, సరేనన్నారు. ఇంట్లో ఉన్న నిరుటి మ్రానికొమ్మల్ని ఫిబ్రవరి 15 ఆదివారం లోపు ఉపదేశి గారింట్లో ఇవ్వండి. సాయంత్రం ఇంటికి చేరడం ఆలస్యమయ్యేవాళ్లు గడపలో పెట్టి ఉంచితే చాలు, మా పిల్లలొచ్చి తీసుకెళ్తారు.

మీ సంఘ కార్యదర్శి