కనపడని గ్రహంతో ఒక ఏడాది: మన ఖగోళ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ముందు ఆ పాత గొడవ తేల్చేసుకుందాం. ఉగాది తర్వాత జరిగిన మీటింగులో ఒక మాస్టారు లేచి, "కంటికి ఆనని గ్రహం కోసం ఏడాదంతా తిరగడమేంటండీ? శని వలయాలు చూపిస్తే పిల్లలు సంబరపడతారు కదా" అన్నారు. ఆయన మాటలో సగం నిజమే. మన టెలిస్కోపుకి బి సెంటారి గ్రహం ఈ జన్మలో చిక్కదు. కానీ దాని సూర్యులిద్దరి వెలుగు భీమిలి ఇసుకలో నిలబడితే మామూలు కంటికే అందుతుంది. నేను పట్టుబట్టింది అందుకే.

మీటింగులకి రానివాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. బి సెంటారి సుమారు 325 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రాల జంట. రెండూ కలిపి తూస్తే మన సూర్యుడికి కనీసం ఆరు రెట్ల బరువు. ఆ జంట చుట్టూ గురుగ్రహానికి దాదాపు 11 రెట్లు బరువున్న వాయు గ్రహం తిరుగుతోందని 2021 డిసెంబరులో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్కస్ జాన్సన్ బృందం ప్రకటించింది. రెండు సూర్యుల గ్రహం అనేది అప్పటికే పాత కబురు. శనికి దగ్గర బరువున్న కెప్లర్-16బి 2011లోనే దొరికింది, 229 రోజులకోసారి తన జంటను చుట్టొస్తుంది. అయితే దాన్ని నక్షత్రాల వెలుగు కాస్త తగ్గడం చూసి పసిగట్టారు. దీన్ని నేరుగా ఫోటో తీశారు.

అసలు వింత మరోటి ఉంది. అంతకుముందు సూర్యుడికి మూడు రెట్లు మించి బరువున్న నక్షత్రాల దగ్గర ఒక్క గ్రహమూ కనిపించలేదు. అంత వేడి నక్షత్రాల అతినీల లోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు చుట్టూ ఉన్న వాయువుని ఆవిరి చేసి తరిమేస్తాయి. గ్రహం కూడుకునేలోపే ముడిసరుకు చేజారిపోతుందన్నమాట. మరి ఇదెలా పుట్టింది? వాయువు ఒక్కసారిగా ముద్దకట్టి ఉండొచ్చని ఒక ఊహ. వయసు కోటిన్నర ఏళ్లే కాబట్టి పుట్టిన వేడి ఇంకా చల్లారలేదు. ఆ వేడే పరారుణ కెమెరాకి చిక్కింది.

పేరుతో మాత్రం నానా తంటాలు పడ్డాం. బీటా సెంటారి వేరు, బి సెంటారి వేరు. మొదటిది గ్రీకు అక్షరం, త్రిశంకు పక్కన ధగధగలాడే నక్షత్రం. మనది చిన్న బి, మసక చుక్క. మన పోస్టరు మీద ప్రింటింగువాళ్లు బీటా అనే కొట్టేశారు, నేనూ ప్రూఫ్ చూసి సరే అన్నాను. తప్పు నాదే. ఇక గ్రహం పేరు చివర కూడా బి ఉందని విన్న ఏడో తరగతి పాప "రెండు బీలు ఎందుకండీ?" అని అడిగింది. నిలువునా దొరికిపోయాను.

దూరం ఎంతో అర్థం కావాలని డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర చేరాం. రెండు కొబ్బరి బొండాలు పక్కపక్కన పెట్టి సూర్యులనుకున్నాం. సైజు లెక్క అడక్కండి, దూరం లెక్క మాత్రమే. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం ఒక మీటరు అనుకుంటే గురుడు ఐదు మీటర్ల దగ్గర, నెప్ట్యూన్ 30 మీటర్ల టేపు చివర. అక్కడితో మన సౌరకుటుంబంలో ప్రధాన గ్రహాలు అయిపోయాయి. టేపు మళ్లీ మళ్లీ పరుస్తూనే పోయాం. పద్దెనిమిది సార్లు పరిచి, ఇంకో ఇరవై మీటర్లు వేస్తే గానీ ఈ గ్రహం చోటు రాలేదు. మొత్తం 560 మీటర్లు. అక్కడినుంచి వెనక్కి చూస్తే బొండాలు కనిపించలేదు. తీరా వెళ్లి చూస్తే ఎవరో కొట్టించుకుని తాగేశారు.

ఇక భీమిలి. మే నెలలో మొదటి రాత్రి మబ్బు. రెండో రాత్రి పక్క రిసార్టు పెళ్లి లైట్లు, పేరెందుకులెండి. మూడోసారి నెలాఖరున ఆకాశం తెరిపిచ్చింది. పది దాటాక దక్షిణాన సముద్రం మీద, నేలకీ నడినెత్తికీ మధ్య మూడో వంతుకి కాస్త పైన మెంకెంట్ నక్షత్రం. దానికి ఎడమవైపు, చాచిన చేతి నాలుగు వేళ్లంత దూరంలో మన చుక్క. మామూలు 10×50 బైనాక్యులర్స్‌లో రెండూ ఒకేసారి పట్టవు, ఒకదాన్నుంచి మరోదానికి కాస్త జరపాలి. గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కాక కొద్ది ఏళ్లకే బయల్దేరిన వెలుగు అది. ఉగాదికి లేచిన మాస్టారే అందరికంటే ఎక్కువసేపు బైనాక్యులర్స్ వదల్లేదు. ఇది నివేదికలో రాయొద్దన్నారు కూడా.

వేధశాలల మీద ప్రసంగం ఒక్కటే జరిగింది. డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో నెలకొల్పిన వేధశాల గురించి, ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుణ్ణి దాటడాన్ని పరిశీలించడం గురించి. ఈ ఊరివాళ్లమై ఉండి మనలో సగం మందికి అది తెలియకపోవడం నాకు కష్టంగా అనిపించింది. టెలిస్కోపు అద్దం శుభ్రం చేయించాం. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈ గ్రహం 2021కి ఇరవై ఏళ్ల ముందే చిలీలోని 3.6 మీటర్ల టెలిస్కోపు తీసిన చిత్రంలో పడింది. అప్పుడది గ్రహమని ఎవరూ గుర్తించలేదు. 2019లో ఒకసారి, 2021లో మరోసారి తీసిన ఫోటోలతో పాటు ఆ పాత చిత్రాన్నీ పక్కన పెట్టి చూశాకే, వెనకాల దూరంగా ఉన్న చుక్క కాదు, జంటతో పాటే కదులుతోందని గట్టిగా తేలింది. మన దగ్గర పాత పరిశీలనల నోటు పుస్తకాలు రెండు కనపడటం లేదు. ఎవరింట్లో అటక మీద ఉన్నా దయచేసి తెచ్చివ్వండి. ఎవర్నీ ఏమీ అనం. భీమిలి రాత్రి రిజిస్టరు సర్వసభ్య సమావేశం రోజు బల్ల మీద ఉంటుంది. ఆ రాత్రి వచ్చి సంతకం పెట్టనివాళ్లు, చూసిన టైము రాసి మరీ పెట్టండి.

ఇట్లు,
కార్యదర్శి