పరీక్షల ముందు రాత్రంతా మేలుకుంటున్నవాళ్లకి

అందరికీ, ముఖ్యంగా రాత్రి మూడింటికి కూడా ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నవాళ్లకి. సిలబస్ చాలా మిగిలిపోయింది, నిజమే, కానీ నిద్ర మానేసి చదివితే ఎక్కువ చదివినట్టు అనిపిస్తుందే తప్ప గుర్తుండేది తక్కువ, ఎందుకంటే పగలు చదివింది మెదడులో స్థిరపడటానికి నిద్ర కావాలి. పద్దెనిమిదేళ్లు దాటిన మన వయసుకి కనీసం 7 గంటలు. సాయంత్రం దాటాక కాఫీ వద్దు, తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది (ఎనర్జీ డ్రింకుల గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా).

నోట్స్ మళ్లీ మళ్లీ తిరగేసే బదులు పుస్తకం మూసేసి గుర్తున్నది కాగితం మీద రాసి చూడండి, చిరాగ్గా ఉంటుంది గానీ బాగా పనిచేస్తుంది. మధ్యలో లేచి కాసేపు నడవండి. భోజనం మానొద్దు.

టెన్షన్ అందరికీ ఉండేదే. కానీ రెండు వారాలుగా దేనిమీదా మనసు నిలవక, తిండి సయించక, ఇష్టమైనవి కూడా భారంగా అనిపిస్తుంటే అది బద్ధకం కాదు, కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి, పరీక్షలు అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగకండి, అర్ధరాత్రైనా సరే ఎవరో ఒకరికి ఫోన్ చేయండి, పక్క గది తలుపు కొట్టండి. అలా ఎవరైనా మీకు చెప్తే సలహాలు మొదలెట్టకుండా ముందు వినండి, వాళ్లని ఒంటరిగా వదలొద్దు.

ఇంకోటి, పేపర్ అయ్యాక ఆన్సర్లు పోల్చుకునే మెసేజ్‌లు ఇక్కడ పెట్టకండి, మర్నాడు ఇంకో పరీక్ష ఉన్నవాళ్లు ఉంటారు.