స్పానిష్ ఉంచి, చరిత్ర తీసేస్తారా?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఒక విశ్వవిద్యాలయంలో స్పానిష్ ఎం.ఏ. చదువుతోంది. చేరేటప్పుడు చూపిన సిలబస్‌లో లాటిన్ అమెరికా చరిత్ర, సంస్కృతి తప్పనిసరి పేపరు. ఈ ఏడాది దాన్ని ఐచ్ఛికం చేశారు. ఆ తర్వాత, పదిమంది కూడా ఎంచుకోలేదంటూ ఎత్తేశారు. దాని స్థానంలో వ్యాపార స్పానిష్ వచ్చింది: బిల్లులు, ఈమెయిళ్లు, ఇంటర్వ్యూ ప్రశ్నలు. ఉద్యోగాలకు పనికొచ్చేది అదేనట.

పిల్లకు ఉద్యోగం వద్దనే తండ్రిని కాను. ఆ ఉద్యోగం సంగతే చూడండి. అక్టోబరు 12న స్పెయిన్‌లోని కంపెనీకి జాతీయ దినోత్సవ శుభాకాంక్షలు నిశ్చింతగా పంపవచ్చు. 1492లో కొలంబస్ అమెరికా దీవుల్లో కాలుపెట్టిన రోజది. అదే ఉత్తరం వెనిజులాకు వెళ్తే? అక్కడ 2002 నుంచి అది ఆదివాసీ ప్రతిఘటన దినం. ఏ వ్యాపార స్పానిష్ పాఠం ఈ ఇరకాటం నుంచి గట్టెక్కిస్తుంది?

మాటలకూ ఇదే గతి. ఒకప్పుడు స్పెయిన్‌లో గొప్పవాళ్లను ‘వోస్’ అని మన్నించేవారు. ఇవాళ బ్యూనస్ ఎయిరిస్ వీధుల్లో అది స్నేహితుల మధ్య ‘నువ్వు’. కొలంబియాలో కొన్నిచోట్ల ఇంట్లోవాళ్లనే ‘మీరు’ అన్నట్టు ‘ఉస్తేద్’ అంటారు. అల్లుణ్ణి ‘మీరు’ అని, దేవుణ్ణి ‘నువ్వు’ అని పిలిచే మనకు ఇందులో వింత లేదు. అయితే ఆ తేడా ఎలా పుట్టిందో చెప్పడానికి వ్యాకరణం ఒక్కటే చాలదు.

మా అమ్మాయి గది గోడకు ఒక పాత ఉత్తరంలోని బొమ్మ అతికించి ఉంది. పెరూ కొండల్లో పుట్టిన గువామాన్ పోమా 1615 ప్రాంతంలో స్పెయిన్ రాజుకు దాదాపు 1,200 పుటల ఉత్తరం రాశాడు. అధికారులూ మతగురువులూ తన జనాన్ని ఎలా పీడిస్తున్నారో 398 బొమ్మలు వేసి మరీ చూపాడు. ఆ రాతప్రతి 1908లో ఎక్కడో కోపెన్‌హాగెన్ రాజ గ్రంథాలయంలో ఒక పండితుడి కంటపడింది. గువామాన్ పోమా స్పానిష్ నిండా అక్కడి ఆదివాసుల భాష క్వెచువా మాటలే. “పరీక్షలో ఇలా రాస్తే ఫెయిలే నాన్నా” అని నవ్వింది. ఆ ఉత్తరం గురించి ఆమెకు తెలిసింది మొదటి ఏడాది ఒక ఆచార్యుడు పాఠం మధ్యలో చెప్పబట్టే. ఇప్పుడు ఆ పాఠమే లేదు.

వ్యాపార స్పానిష్ ఉండనివ్వండి, అదనంగా పెట్టండి. చరిత్ర పేపరును మాత్రం, ఒక్కరే చేరినా నడిపేలా, మళ్లీ తప్పనిసరి చేయాలి. ఇప్పటికే చేరిన పిల్లలకు చేరేనాటి సిలబస్సే వర్తింపజేయాలి. వచ్చే సెమిస్టర్ టైమ్‌టేబుల్ వేసేలోగా అధికారులు ఈ నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాను.

– ఒక విద్యార్థిని తండ్రి, హనుమకొండ