దక్షిణ తెలంగాణకు ఒక పర్యావరణ బెటాలియన్: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

దేవరకొండ నుంచి ఒక మాజీ హవల్దారు నమస్కరించి రాయునది. నేను సైన్యపు ఇంజనీరు దళమైన మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో సాపర్‌గా పనిచేశాను. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్‌లో రాజస్థాన్ సరిహద్దున మందుపాతరలు పాతినవాళ్లలో, తర్వాత నెలల తరబడి వాటిని ఒక్కొక్కటిగా తీసినవాళ్లలో నేనూ ఉన్నాను. పాతడం కన్నా తీయడానికే ఓపిక ఎక్కువ కావాలి. ఆ రోజుల్లోనే ఇందిరాగాంధీ కాలువ వెంట ఇసుక దిబ్బల నడుమ చెట్ల వరుసలు చూసి, ఇవి ఎవరు పెంచారని అడిగితే "మన ఫౌజువాళ్లే, 128వ పర్యావరణ బెటాలియన్" అని చెప్పారు.

సైన్యానికి తోడు దళమైన టెరిటోరియల్ ఆర్మీలో ఇలాంటి దళాలు 1982 నుంచి ఉన్నాయి. సున్నపురాయి క్వారీలతో బోడిగా మారిన ముస్సోరి కొండలను పచ్చబరచడానికి 127వ బెటాలియన్‌ను, మరుసటి ఏడాది రాజస్థాన్‌లో 128వ దాన్ని నెలకొల్పారు. ఒకప్పుడు మనతోపాటే హైదరాబాద్ సంస్థానంలో ఉన్న మరాఠ్వాడా కరవు నేలకు 2017లో 136వ బెటాలియన్ వచ్చింది. వీటిలో చేరేది ప్రధానంగా ఆ రాష్ట్రపు మాజీ సైనికులే; మొక్కలు, భూమి, సాంకేతిక సలహా అటవీ శాఖ ఇస్తుంది. మరాఠ్వాడాకు తగినది చందంపేట, దేవరకొండ, అచ్చంపేట గుట్టలకు తగదనడానికి నాకు కారణం కనిపించడం లేదు.

మా గుట్ట మీద కాంట్రాక్టు కూలీలతో నాటించిన మొక్కల్లో మూడో వేసవికి మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నాటడం ఒక్క రోజు పని. కందకాలు తవ్వి, వాగులకు రాతికట్టలు వేసి, మేకల నుంచి కాపాడుతూ మూడు నాలుగేళ్లు అక్కడే మకాం వేయడం వేరే పని, అది ఫౌజుకు అలవాటైన పని. నలభై ఏళ్లకే రిటైరై హైదరాబాదులో ఏటీఎంల ముందు కుర్చీల్లో కూర్చున్న మా జిల్లా జవాన్లు ఆ పనికి ఇప్పటికీ గట్టిగానే ఉన్నారు. 2022లో వచ్చిన అగ్నిపథ్ కింద నాలుగేళ్లు చేసి ఇళ్లకు తిరిగివచ్చే పిల్లలకు మాజీ సైనికుల హోదా ఉండదు కనుక, వారినీ చేర్చుకునేలా రక్షణ శాఖతో విడిగా మాట్లాడవలసి ఉంటుంది.

ఒక్క హెచ్చరిక కూడా మనవి చేస్తాను. నల్లమలలో చెంచుల పెంటల (గూడేల) దగ్గరికి యూనిఫాం వేసుకుని వెళ్తే వాళ్లు బెదిరిపోతారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వారికి దక్కిన భూముల జోలికి పోకుండా, ఏ చెట్టు ఎక్కడ బతుకుతుందో ముందు వారినే అడిగి పని మొదలుపెట్టాలి.

ఈ బెటాలియన్ కోసం రక్షణ శాఖకు ప్రతిపాదన పంపి, ఖర్చుకు రాబోయే బడ్జెట్‌లో పద్దు చూపాలని, తొలి కంపెనీని దేవరకొండలోనే ఉంచాలని కోరుతున్నాను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం పిలిస్తే పేరు రాయించుకునేవాళ్లలో నేను ముందుంటాను.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా